కరెంటు ఉన్న రోజే మెయిన్ ఆపండి

ఇంటికి జనరేటరు కొనాలనుకుంటే హిందూపురంలో సలహాలకు కొదవ లేదు. ఎలక్ట్రికల్ షాపు ముందు కాసేపు నిలబడితే చాలు. అమ్మేవాడు, కొన్నవాడు, కొనబోయేవాడు, ఆటో ఆపుకుని చూస్తున్నవాడు, అందరూ తలా ఒకటి చెబుతారు. పెద్దదే తీసుకో, ఒక్కసారి పెట్టే ఖర్చు. ఇంట్లోనే పెట్టుకో, బయట పెడితే ఎత్తుకుపోతారు. ప్లగ్గులో దోసెయ్, చేంజోవర్ స్విచ్చు దండగ. బెంగళూరులో కొను, నాలుగు డబ్బులు మిగుల్తాయి. పెనుకొండలో అడిగినా, ధర్మవరంలో అడిగినా ఇవే మాటలు.

నేను చెప్పేవి వీటన్నిటికీ ఎదురు. వినగానే తిక్క సలహాల్లా ఉంటాయని తెలుసు. అందుకే ప్రతిదానికీ కారణం కూడా చెబుతున్నాను. నచ్చనివి వదిలేయండి. పొగ గురించి, చేంజోవర్ గురించి చెప్పే రెండు మాత్రం దయచేసి వదలొద్దు. వాటిలో ప్రాణాలున్నాయి.

మొదటి పని ఇది. కరెంటు బ్రహ్మాండంగా ఉన్న ఒక ఆదివారం, అందరూ ఇంట్లో ఉన్న పూట, పొద్దున తొమ్మిదికి మీ ఇంటి మెయిన్ మీరే దించేయండి. మధ్యాహ్నం రెండు దాకా ఎక్కించకండి. లైన్ల మరమ్మతు కోసం కరెంటు ఆపేది ఎక్కువగా ఆ వేళల్లోనే. ఎండాకాలమైతే మరీ మంచిది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని ఎవరు దేనికోసం ముందు కేకేశారో, ఎన్ని గంటలకు కేకేశారో రాసుకోండి. (ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్ళుంటే ఈ పని చెయ్యకండి. వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను.) రెండింటికి మీ చేతిలో ఉన్న చీటీయే అసలైన లోడు లెక్క. షాపువాడు ఇంట్లో ఏమేం ఉన్నాయని అడిగి వాట్లు కూడుతూ పోతాడు. గీజరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మిషను అన్నీ కలిసేసరికి 5 కిలోవాట్లు దాటుతుంది. మీ చీటీలో మాత్రం గీజరు ఉండదు. ఇస్త్రీపెట్టె కోసం ఎవరూ కేకెయ్యరు.

ఈ చీటీ ఊరినిబట్టి, ఇంటినిబట్టి మారుతుంది. ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీర నేసే ఇంట్లో మొట్టమొదట వచ్చే మాట దీపం గురించే. మగ్గం ఇంటి లోపలి గదిలో ఉంటుంది. పట్టపగలు కూడా పోగు కనపడాలంటే నెత్తిమీద బల్బు వెలగాలి. జాకార్డు ఎత్తడానికి చిన్న మోటారు బిగించుకున్న మగ్గమైతే ఆ మోటారు రెండోది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళలో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్ళు పెరిగారు. ఆ ఇంట్లో పొద్దున పది గంటలకు కావలసింది ఒక్క ఫ్యాను. అది తిరిగితే మనిషి నిద్రపోతాడు. తిరగకపోతే ఆ రాత్రి మళ్ళీ మిషను ముందు నిద్ర చాలని కళ్ళతో నిలబడతాడు. ఈ రెండు ఇళ్ళకూ 7.5 కేవీఏ జనరేటరు అంటగట్టేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఒకరికి కావలసింది 20 వాట్లు, ఇంకొకరికి 70.

రెండో మాట: 2013ను మర్చిపోండి. పెద్ద జనరేటరు కొనే ఇంటి వెనక ఒక పాత భయం ఉంటుంది. 2012, 2013లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పడ్డ పాట్లు గుర్తున్నవాళ్ళకు ఆ భయం సహజమే. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెలకు గంటల తరబడి చీకటి. దక్షిణాది గ్రిడ్ అప్పటికింకా దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలవలేదు. పైనుంచి కరెంటు తెచ్చుకుందామన్నా సరిపడా లైన్లు లేవు. రాయచూరు - షోలాపూర్ 765 కేవీ లైనుతో రెండూ కలిసింది 2013 డిసెంబరు 31న. అంతకు కొద్దిగా ముందు, అక్టోబరులో, సమైక్యాంధ్ర ఉద్యమంలో విద్యుత్ ఉద్యోగులు సమ్మెకు దిగడంతో సీమాంధ్ర జిల్లాలు చీకట్లో మునిగాయి. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ పరిశ్రమలకు పవర్ హాలిడే వచ్చింది. మన మూడు ఊళ్ళూ అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన నెల కూడా అదే.

కానీ ఇప్పుడు ఇంట్లో కరెంటు పోతే కారణం చాలావరకు మీ వీధి చివరే ఉంటుంది. సాయంత్రం గాలివాన వచ్చి చింతకొమ్మ తీగల మీద పడుతుంది. జంపరు తెగుతుంది. ఎండకు, లోడుకు తట్టుకోలేక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. లేదా లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్తంభమెక్కుతాడు. ఫ్యూజు పోతే పట్టణంలో 4 గంటలు, పల్లెలో 12 గంటలు. తీగ తెగితే 6, 24. ట్రాన్స్‌ఫార్మర్ పోతే 24, 48. ఈ గడువుల్లోపు బాగుచెయ్యాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటేనే ఆ గడియారం మొదలవుతుంది. పక్కింటివాళ్ళు చేసుంటార్లే అని ఊరుకోకండి. మీరు సిద్ధపడాల్సింది నాలుగైదు గంటల కోతకు. ఏడాదికి ఒకటీ అరా వచ్చే రోజంతటి కోతకు వేరే దారి చూసుకోవచ్చు. బంధువుల ఇల్లుంది, అద్దె జనరేటరుంది. పెళ్ళికో గృహప్రవేశానికో షామియానా వాళ్ళ దగ్గర ఎలాగూ అద్దెకు తెస్తాం. ఆ ఒక్కరోజు కోసం ఏడాది పొడుగునా ఇంట్లో ఇనుము మోయక్కర్లేదు.

ఇక సైజు. "అన్నా, రేప్పొద్దున ఏసీ పెట్టుకుంటివనుకో, అప్పుడేం జేస్తావు?" అని షాపులో అడుగుతారు. ఏసీ పెట్టుకున్న రోజు ఆలోచిస్తానని చెప్పండి. చిన్నదే కొనండి. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు, పెద్ద డీజిల్ ఇంజను తక్కువ లోడు మీద నడిస్తే చెడిపోతుంది కాబట్టి. 7.5 కేవీఏ అంటే పవర్ ఫ్యాక్టర్ 0.8 లెక్కన 6 కిలోవాట్లు. మీ ఫ్యాన్లు, దీపాలు, టీవీ కలిసి 350 వాట్లు. అంటే దాని సత్తువలో ఆరు శాతం. నలుగురికి వండడానికి పెళ్ళి గుండిగ పొయ్యెక్కించినట్టు. మూడో వంతు లోడైనా లేకపోతే ఇంజను సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా మండదు, సైలెన్సరులో నల్లటి జిడ్డు పేరుకుంటుంది. పొగ పెరుగుతుంది, ఇంజను తొందరగా పాడవుతుంది. మెకానిక్కు వచ్చి 'సరిగా వాడలేదు' అంటాడు. నిజానికి కొన్నదే సరిగ్గా కొనలేదు.

ఖర్చు కూడా చూడండి. మన రాష్ట్రంలో లీటరు డీజిల్ 95 రూపాయల పైమాటే. హిందూపురం వాళ్ళు సరిహద్దు దాటి కర్ణాటక బంకుల్లో పోయించుకునేది ఊరికే కాదు. ఇంటి సైజు జనరేటరు లీటరుకు రెండున్నర, మూడు యూనిట్లిస్తే గొప్ప. అంటే యూనిట్ 30, 40 రూపాయల మధ్య పడుతుంది. మన గృహ వినియోగ టారిఫ్‌లో 400 యూనిట్లు దాటినవాళ్ళు కట్టే అన్నిటికంటే పై స్లాబు 9 రూపాయల 75 పైసలు. ఇంత ఖరీదైన కరెంటుతో బల్బులు వెలిగించడం నాకు మనసొప్పదు.

అందుకే జనరేటరు కొందామని దాచిన డబ్బులో కొంత తీసి ముందు ఫ్యాన్లు మార్చండి. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 30 వాట్ల చుట్టూ చాలిస్తుంది. మూడు ఫ్యాన్లు, ఆరు ఎల్‌ఈడీ బల్బులు, టీవీ, వైఫై ఉన్న ఇంట్లో పాత ఫ్యాన్లతో 350 వాట్లయితే, కొత్తవాటితో 220 లోపే. యూపీఎస్‌కు పెట్టే 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్-అవర్లు. నష్టాలు పోను, బ్యాటరీని పూర్తిగా పిండకుండా, నమ్మకంగా వాడుకునేది 1,100 దాకా అనుకోండి. పాత ఫ్యాన్లతో మూడు గంటలు వచ్చే బ్యాటరీ కొత్త ఫ్యాన్లతో అయిదు గంటలు వస్తుంది. తొమ్మిది నుంచి రెండు దాకా సరిగ్గా అయిదు గంటలే! మన ఊళ్ళలో నూటికి తొంభై ఇళ్ళకు జనరేటరు అవసరం ఇక్కడితో తీరిపోతుందని నా గట్టి నమ్మకం.

బ్యాటరీ కొన్నాక దాన్ని పడకగదిలో, పూజగదిలో పెట్టకండి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడేచోట ఉండాలి. అందులో పోసేది డిస్టిల్డ్ వాటరే కావాలి. మన బోరు నీళ్ళ సంగతి మీకు తెలియంది కాదు, తాగే క్యాను నీళ్ళు కూడా దానికి పనికిరావు.

నీళ్ళ మోటారును లెక్కలోంచి తీసేయండి. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్లు లాగినా, స్టార్టయ్యే ఆ క్షణంలో అయిదారింతల కరెంటు గుంజుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే జనరేటరు సైజు రెండింతలు, మూడింతలు అవుతుంది. మిద్దె మీద ట్యాంకు ఇంకొకటి పెట్టించండి. కరెంటున్నప్పుడు నింపిన వెయ్యి లీటర్లు కరెంటు లేనప్పుడు ఏ చప్పుడూ లేకుండా కిందికి దిగుతాయి.

ఫ్రిజ్ సంగతీ అంతే. కరెంటు పోగానే తలుపు తెరిచి చూడకుండా ఉంటే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు ఆగుతుంది. ఇన్సులిన్ ఉందండీ అంటారు. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, నిజమే. తలుపు మూసిన ఫ్రిజ్ ఆ నాలుగు గంటలు దాన్ని కాపాడుతుంది. వాడుతున్న సీసా గది చల్లదనంలో నాలుగు వారాల వరకు ఉంటుంది. మన ఎండలకు గది 40 డిగ్రీలవుతుంది కాబట్టి, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో చిన్న డబ్బాలో వేసి ఉంచండి. కుండ లోపలి డబ్బాలోకి నీళ్ళు దిగకూడదు, అంతే జాగ్రత్త.

ఇంతా చదివాక కూడా, లేదు, మాకు జనరేటరే కావాలి అనే ఇళ్ళుంటాయి. ఉండాలి కూడా. వాళ్ళకు నేను చెప్పేది: ఏ కంపెనీదో, ఎన్ని కేవీఏనో తర్వాత చూద్దురు గానీ, ముందు చోటు వెతకండి. చోటు దొరక్కపోతే కొనడం మానండి.

జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మనకు తెలిసే వాసన పెట్రోలుదో, కాలిన నూనెదో. అది రాలేదు కాబట్టి పొగ రాలేదనుకుంటాం. తలనొప్పి, కడుపులో తిప్పడం, మగత. ఎండదెబ్బకూ ఇవే లక్షణాలు కావడంతో 'ఉక్కపోతకు ఇట్లయింది, కాసేపు పడుకో' అని మనిషిని పడుకోబెడతారు. పడుకున్నవాళ్ళు లేవరు. అమెరికాలో 2020 ఆగస్టులో లారా తుపాను లూసియానా తీరాన్ని తాకినప్పుడు, గాలికి, వానకు తట్టుకుని బతికిన ఇళ్ళల్లో ఆ తర్వాత జనరేటరు పొగకు మనుషులు పోయారు. జనరేటరు ఇంటికి ఆనుకుని ఉన్న షెడ్డులో ఉన్నా ఆ పొగ ఇంట్లోకి చేరుతుంది. అక్కడి భద్రతా సంస్థ చెప్పే దూరం ఇంటినుంచి 20 అడుగులు, పొగగొట్టం ఇంటికి ఎదురు దిక్కున.

ఇప్పుడు మన వీధులు చూడండి. హిందూపురంలో పాత ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మీ వరండాకు పది అడుగుల దూరంలో పక్కింటి కిటికీ. మెట్ల కింద, వరండాలో గ్రిల్లు వేసి, వెనక వాష్ ఏరియాలో పైన రేకు కప్పి పెట్టిన జనరేటర్లు అన్ని ఊళ్ళలోనూ కనిపిస్తాయి. తలుపు తీసి ఉంచుతాం కదా అంటారు. తలుపు తీస్తే పొగ బయటికే పోతుందని ఎవరు చెప్పారు? గాలి ఎటు వీస్తే అటు పోతుంది. లోపలికి వీస్తే లోపలికే. దొంగల భయంతో ఇంట్లోకి తెస్తారని తెలుసు. నేలలో కాంక్రీటు పోసి కొక్కెం పెట్టి గొలుసు వేయండి. చూసుకోవడానికి, స్టార్ట్ చెయ్యడానికి కష్టంగా ఉండే దూరంలో పెట్టండి. ఆ నాలుగడుగుల నడకే మీకు రక్షణ. పెరడు లేని ఇంటికి మిద్దె ఒక దారి. అక్కడ కూడా పొగగొట్టం మెట్లగది తలుపు వైపు ఉండకూడదు, పక్క మిద్దె మీద ఆరుబయట పడుకునేవాళ్ళ వైపూ ఉండకూడదు. వేసవిలో మన ఊళ్ళలో మిద్దెల మీద పడుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పడకగదిలో పెట్టుకోండి. అది మోగినా, ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తల తిరిగినా, ముందు అందరూ బయటికి వచ్చేయండి, తర్వాత 108కి ఫోన్ చేయండి. కారణం ఆరా తీయడం ఆ తర్వాత.

శబ్దం విషయంలో కూడా పక్కింటివాళ్ళను గుర్తుంచుకోవాలి. మూత ఉన్న సెట్‌కు కూడా మీటరు దూరంలో 75 డెసిబెల్స్ వరకు అనుమతి ఉంది. ఇళ్ళ మధ్య రాత్రిపూట ఉండాల్సిన హద్దు 45. రాత్రి పదయ్యాక దాన్ని నడపాల్సి వస్తే పక్కింటావిడకు ఒక మాట చెప్పి నడపండి.

అన్నిటికన్నా ఎక్కువగా బతిమాలుకునేది చేంజోవర్ గురించి. రెండు కొసలా త్రీపిన్ టాపు బిగించిన వైరు ఒకటి చేసిచ్చే ఎలక్ట్రీషియన్లున్నారు. ఒక కొస జనరేటరులో, ఇంకో కొస వంటింటి ప్లగ్గులో. ఇల్లంతా వెలుగుతుంది. చేంజోవర్ ఖర్చు తప్పుతుంది. మెయిన్ దించి పెట్టుకుంటే ఏం కాదు సార్ అంటారు. ఆ మెయిన్ దించడం మర్చిపోయిన ఒక్క సాయంత్రం ఏమవుతుందో చెబుతాను.

స్తంభం దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను మన ఇళ్ళకు తగ్గట్టు తగ్గించి ఇస్తుంది. అది రెండు వైపులా పనిచేస్తుంది. మన వైపునుంచి 230 ఎక్కిస్తే అవతల వేల వోల్టులు పుడతాయి. వీధంతా చీకటిగా ఉంది కాబట్టి లైను చచ్చిపోయిందనుకుని స్తంభం మీద ఒక మనిషి ఉంటాడు. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ తీసుకునే ఎక్కాడు. అతను చెయ్యాల్సిందంతా చేశాడు. అతనికి తెలియనిది మీ వంటింటి ప్లగ్గు ఒక్కటే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు ఎనర్జీ అసిస్టెంట్లుగా చేరిన కుర్రాళ్ళను చూడండి, చాలామంది ఇంకా చిన్న వయసువాళ్ళే. గాలివాన వెలిసిన అరగంటకు బండి మీద వచ్చి నిచ్చెన వేసేది వాళ్ళే.

వీధిలో అందరి లోడూ మీద పడితే నా చిన్న జనరేటరు తట్టుకోలేక ఆగిపోతుంది, ఇక ప్రమాదమేముంది అని వాదించేవాళ్ళున్నారు. తీగ మీ ఇంటి పక్క స్తంభం దగ్గరే తెగి ఉంటే? లోడు ఎక్కడుంది మీద పడడానికి? జనరేటరు హాయిగా నడుస్తూనే ఉంటుంది, తెగి వేలాడుతున్న తీగలో 230 వోల్టులు ఉంటాయి. దాన్ని ముట్టుకునేది లైన్‌మన్ కావచ్చు, బడినుంచి వచ్చే పిల్లవాడు కావచ్చు. ఇంకో సంగతి. అదే వైరు ఒక కొస ప్లగ్గులోంచి ఊడితే, బయటికి కనిపించే ఆ ఇత్తడి పిన్నుల్లో నిండా కరెంటుంటుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఆలోచించండి. మెయిన్ ఎక్కి ఉండగా లైను కరెంటు తిరిగొస్తే జనరేటరు కాలిపోతుంది. అయినా వస్తువు పోవడం ఇక్కడ చిన్న విషయం.

కాబట్టి ఫేజు, న్యూట్రలు రెండూ తెంపే చేంజోవర్ పెట్టించండి. జనరేటరు వైపు ఎత్తితే లైను తెగిపోవాలి, లైను వైపు దించితే జనరేటరు తెగిపోవాలి, రెండూ ఒకేసారి కలిసే వీలే ఉండకూడదు. జనరేటరు బాడీకి ఎర్త్ ఇప్పించండి. జనరేటరుకు డబ్బు సరిపోయి చేంజోవర్‌కు సరిపోకపోతే, సరిపోయే దాకా జనరేటరు కొనడం వాయిదా వేయండి. అన్నదమ్ముల ఇళ్ళు ఒకే ఆవరణలో ఉండి ఒకటే జనరేటరు పంచుకుంటే ప్రతి ఇంటికీ ఒక చేంజోవర్ ఉండాలి. వీధికడ్డంగా వైరు లాగి ఎదురింటికి ఇచ్చే ఉపకారం మాత్రం వద్దు.

సోలార్ పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదనే సలహా ఈమధ్య బాగా వినిపిస్తోంది. మన జిల్లాలోనే నంబులపూలకుంటలో 2016 నుంచి ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు నడుపుతోంది. మన ఎండకు లోటు లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఉంది. తప్పకుండా పెట్టించుకోండి, బిల్లు తగ్గుతుంది. కానీ లైనుకు కలిపిన మామూలు సోలార్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం నెత్తిన సూర్యుడుండగా ఇంట్లో ఫ్యాను తిరగదు. అది లోపం కాదు. స్తంభం మీది మనిషికోసం పెట్టిన ఏర్పాటే అది. కరెంటు పోయినా కావాలంటే బ్యాటరీతో ఉండే హైబ్రిడ్ ఇన్వర్టరు వేరే ఉంది, దాని ధర వేరే. ఈ ముక్క సంతకం పెట్టకముందే అడగండి.

పెద్ద ఏర్పాటు నిజంగా కావాల్సినవాళ్ళు ఎవరు? ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు మీద మనిషి ఉన్న ఇల్లు మొదటిది. 5 లీటర్ల మిషను 350 వాట్ల దాకా లాగుతుంది. ఆ ఇంట్లో మూడంచెలు ఉండాలి. కరెంటు పోయిన క్షణం అందుకునే యూపీఎస్, అది అయిపోయే లోపు నడిచే జనరేటరు, రెండూ మొండికేస్తే తెరవడానికి నిండు సిలిండరు. సిలిండరు తెరవడం ఇంట్లో ఇద్దరికైనా వచ్చి ఉండాలి. ఈ ఇంటి సంగతి సెక్షన్ ఆఫీసులో ఏఈకి ముందే చెప్పి ఉంచండి.

తర్వాత రీలింగ్ యూనిట్లు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌లో కొనితెచ్చి ఉడకబెట్టిన గూళ్ళు బేసిన్‌లో ఉండగా చక్రం ఆగితే, గూళ్ళు నాని పాడవుతాయి, దారం నాణ్యత పోతుంది. వాళ్ళకు జనరేటరు పనిముట్టే. పట్టుపురుగులు పెంచే రైతుకు మాత్రం నా మాట కొంచెం వేరు. నాలుగో జ్వరం (నాలుగోసారి కుబుసం విడిచే దశ) లేచిన పురుగుకు 24, 25 డిగ్రీల చల్లదనం, 70 శాతం తేమ కావాలి. ఏప్రిల్ మధ్యాహ్నం షెడ్డులో కూలరు ఆగితే గుండె ఆగినట్టే ఉంటుంది, నిజం. అయినా జనరేటరుకంటే ముందు షెడ్డు కప్పు మీద కొబ్బరాకు, కిటికీలకు తడి గోనెపట్టాలు, చుట్టూ నీడకు చెట్లు. మన హిందూపురం పక్కన కిరికెరలోనే రాష్ట్ర పట్టు పరిశోధనా సంస్థ ఉంది. షెడ్డు కట్టకముందు ఒకసారి అక్కడికి వెళ్ళి అడిగి రండి. గాలి ఎటునుంచి వస్తుందో చూసి కట్టిన షెడ్డు జనరేటరు సైజును సగానికి తగ్గిస్తుంది.

కొనేటప్పుడు ఊళ్ళోనే, కాస్త ఎక్కువైనా, కొనండి. బెంగళూరులో మిగిలిన డబ్బు, మే నెలలో స్టార్టుకాని జనరేటరును వంద కిలోమీటర్లు మోసుకెళ్ళేటప్పుడు పోతుంది. ఇంటికి వచ్చి చూసే మెకానిక్కు ఎవరో తెలుసుకుని, ఆయన ఏ ఇంజను విప్పగలడో ఆ ఇంజనే తీసుకోండి. 2023 జులై 1 నుంచి కొత్త సెట్లకు సీపీసీబీ 4 ప్లస్ కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. పాత నమూనాలు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా తిరుగుతున్నాయి. ఇళ్ళ మధ్య పెట్టుకునేవాళ్ళు వాటి జోలికి పోకండి.

పెట్రోలు జనరేటరైతే ట్యాంకు నింపి ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాగుతుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే కార్బురేటరు పట్టేస్తుంది, సరిగ్గా గాలివాన రాత్రే తాడు లాగి లాగి చెయ్యి నొప్పిపుడుతుంది. వాడాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంత తాను ఆగే దాకా నడపండి. కరెంటు పోని రోజున, నెలకోసారి, ఇంటి లోడు పెట్టి పావుగంట నడపండి. వేడి ఇంజనులో పెట్రోలు పోయకండి, చల్లారనివ్వండి. ఆ పది నిమిషాలు చీకట్లో కూర్చుంటే ఏమీ కాదు. సరిహద్దు అవతల చవకని క్యాన్లలో తెచ్చి ఇంట్లో నిల్వపెట్టడం అసలే వద్దు.

షాపులో మిషను మీకు చూపించేముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంటారు. ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే చల్లారే దాకా కూర్చుంటానని చెప్పండి. చల్లటి ఇంజను ఎన్ని లాగుళ్ళకు అందుకుంటుందో మీ ఇంట్లో అందరికన్నా తక్కువ బలం ఉన్నవాళ్ళ చేత లాగించి చూడండి. కరెంటు పోయిన పూట ఇంట్లో ఉండేది వాళ్ళే కావచ్చు. వాళ్ళు లాగలేకపోతే బటన్ స్టార్టుది తీసుకోండి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒకటి మీ ఇంటినుంచి సంచిలో పట్టుకెళ్ళి, దాన్ని తగిలించి పది నిమిషాలు నడిపించండి. వోల్టేజి మీటరు ముల్లు ఎంత పడిందో చూసి, బిల్లు మీద ఇంజను నంబరు, ఆల్టర్నేటరు నంబరు రెండూ రాయించుకుని, అప్పుడు డబ్బివ్వండి.